డబ్బాలోంచి తీసేసిన నల్ల వైరు

డిష్ పని నేర్చుకుంటున్న పిల్లలు కొందరు నన్ను అడుగుతుంటారు, ఇన్నేండ్లు చేశావు కదా, మాకు పనికొచ్చే మాటలేమైనా చెప్పు అని. చెప్పడం కంటే రాయడమే మేలనుకున్నాను. మాటల్లో చెబితే నన్ను నేను కొంచెం పెంచుకుంటాను. ఆ గుణం నాకుంది. రాసేటప్పుడు ఒక్కో అక్షరం కూడబలుక్కోవాలి కాబట్టి అబద్ధం కట్టే ఓపిక మిగలదు. నేను చదవడం, రాయడం నేర్చుకున్నది యాభై దాటాక. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

ఎన్ని ఇండ్లకు డిష్‌లు బిగించానో, ఏ కంపెనీ నాకు ఏ శాలువా కప్పిందో రాయను. పామిడి చుట్టుపక్కల ఏ మిద్దె ఎక్కినా నేను బిగించిన బోల్టు ఒకటి తుప్పు పట్టి ఉంటుంది, అంతే. నేను రాయబోయేది ఒక వైరు గురించి, ఆ వైరు లేకపోవడం వల్ల ఆట ఆగిపోయిన ఒక ఆడపిల్ల గురించి. సంగతి మా దిక్కు అందరికీ తెలిసిందే. ఎట్లా జరిగిందన్నది మాత్రం ఈ పనిలోకి వచ్చేవాళ్లు తెలుసుకోవాలి.

రంగులు చూసి నేర్చిన పని

మేము దూదేకులవాళ్లం. మా నాయన విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపులకు దూది ఏకేవాడు. నేనూ ఆయన వెనకే తిరిగాను కాబట్టి బడి మొగం చూడలేదు. ఫోము పరుపులు వచ్చాక మా విల్లును అడిగేవాళ్లు లేకపోయారు. పామిడిలో రంగస్వామి అనే ఆయన టీవీ అంగడి పెట్టి, మిద్దెలెక్కడానికి భయపడని మనిషి కావాలంటే చేరాను. ఏంటెనాల కాలం అది. పైన నేను గొట్టం తిప్పుతుంటే కింద ఇంటివాళ్లు కేకలు వేసేవాళ్లు, "ఆ, వచ్చె, వచ్చె... పోయె. రవ్వంత ఎనక్కి తిప్పప్పా" అని. ఆ పనికి చదువెందుకు?

తర్వాత కేబుల్ వచ్చింది, దాని తర్వాత డిష్ వచ్చింది. అప్పుడూ చదువు అడ్డం రాలేదు. టీవీ పక్కన పెట్టే సెట్‌టాప్ డబ్బా వెనక పసుపు, ఎరుపు, తెలుపు రంగుల్లో రంధ్రాలు ఉండేవి. వైరు కొసలకూ అవే రంగులు. పసుపును పసుపులో, ఎరుపును ఎరుపులో, తెలుపును తెలుపులో దూరిస్తే బొమ్మ వస్తుంది, మాట వస్తుంది. ఆ ఏర్పాటు చేసినవాడెవడో నాలాంటివాణ్ణి తలుచుకునే చేసి ఉంటాడు. అంకెలు రిమోటు మీద చూసి చూసి వచ్చాయి. తెరమీది మెనూలో ఏ వరుసలో ఏముందో నా వేలికి తెలుసు, కంటికి తెలియదు.

ఒకసారి కంపెనీవాళ్లు ఆ వరుసలు మార్చేశారు. బత్తలపల్లెలో ఒక టీచరమ్మ ఇంట్లో కూర్చుని, రిమోటు నొక్కుతూ నొక్కుతూ మెనూ మొత్తాన్ని అరవంలోకి దించేశాను.

"ఏమన్నా, ఇది అరవం కదా" అందావిడ.

"సర్వరు డౌను మేడమ్. సాయంత్రానికి అదే తెలుగవుతాది" అని చెప్పి సంచీ సర్దుకుని వచ్చేశాను. సర్వరంటే ఏమిటో నాకు ఈరోజుకీ సరిగ్గా తెలియదు. మా పనిలో తెలియనిదానికల్లా సర్వరు అని పేరు పెడతారు. ఆ అలవాటు మీరు చేసుకోవద్దు.

ఇంకో మాట. పుస్తకాల్లో వాన పడితే సిగ్నల్ పోతుందని రాస్తారు. మా దిక్కు డిష్‌ను చెడగొట్టేది గాలి. ఆషాఢం గాలికి బోల్టులు వదులై డిష్ మొగం తిప్పుకుంటుంది. వానకు సిగ్నల్ పోయిందని నాకు ఫోను చేసినవాళ్లు తక్కువ. చేసినా "రావద్దులే ఖాసీమన్నా, పోతే పోనీ, వాన పడనీ" అనేవాళ్లు.

హెచ్‌డీకి ఏమేమి కావాలి

హెచ్‌డీ వచ్చినప్పుడు మాకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. నేను ఆలస్యంగా తెలుసుకున్నది మీకు ముందే చెబుతాను.

తెరమీది బొమ్మ చుక్కలతో చేసింది. పాత బొమ్మలో చుక్కలు తక్కువ, లావు. హెచ్‌డీలో ఎక్కువ, సన్నం. ఉండలు కట్టిన దూదికీ బాగా ఏకిన దూదికీ ఉన్న తేడా అనుకోండి. అన్ని సన్నటి చుక్కలు చూపించగల టీవీ మొదట కావాలి. ఊరికే పలుచగా, వెడల్పుగా ఉన్నంత మాత్రాన అది హెచ్‌డీ టీవీ కాదు, వెనక చీటీ మీద చూసుకోవాలి. డిష్ నుంచి వైరు దిగే డబ్బా కూడా హెచ్‌డీ డబ్బా కావాలి. మీరు కట్టే ప్యాకులో హెచ్‌డీ ఛానల్ ఉండాలి, ఎందుకంటే ఒకే ఛానల్ మామూలుది ఒకటి, హెచ్‌డీది ఒకటి వేరువేరు నంబర్లలో వస్తాయి. ఇవన్నీ ఉన్నాక, డబ్బాకూ టీవీకీ నడుమ హెచ్‌డీఎంఐ అనే నల్ల వైరు ఉండాలి. పసుపు వైరులో అన్ని చుక్కలు పట్టవు. హెచ్‌డీ బొమ్మను డబ్బా మళ్లీ పాత బొమ్మగా మార్చి పసుపు వైరులోకి తోస్తుంది. వైరు పెట్టాక టీవీలో ఇన్‌పుట్‌గా ఆ దారి ఎంచుకోవాలి, డబ్బా సెట్టింగులో హెచ్‌డీ పెట్టిందీ లేందీ చూసుకోవాలి. పాత డిష్ గొడుగు చాలావరకు పనికొస్తుంది. అది మార్చాలని చెప్పే అంగడిని ఎందుకని అడగండి.

వీటిలో ఏ ఒక్కటి పాతదైనా మొత్తం పాతదే. అయినా బొమ్మ మాత్రం వస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. బొమ్మ అసలే రాకపోతే ఇంటివాడు కేకేస్తాడు, మనం దిద్దుతాం. వచ్చీ రానట్టు వస్తే, ఇంతేనేమో అనుకుని ఊరుకుంటాడు.

మా ఓనరు రంగస్వామి చెడ్డవాడు కాదు. మా ఇంటామెకు జబ్బు చేసినప్పుడు అంగడి మూసి, తన బండిలో అనంతపురం ఆసుపత్రికి తీసుకుపోయిన మనిషి. కానీ ఆయనకొక అలవాటుండేది. హెచ్‌డీ డబ్బా వచ్చిందంటే అట్ట విప్పి, లోపలున్న నల్ల వైరు తీసి పక్కన పెట్టేవాడు. టౌనువాళ్లు అడుగుతారు, వాళ్లకు విడిగా అమ్మవచ్చు. పల్లెలవాళ్లు అడగరు. మొదట్లో నేనే అడిగాను, "ఏమన్నా, ఇది పెట్టకుంటే హెచ్‌డీ రాదంటారు కదా?"

"ఎందుకు రాదప్పా? నువ్వే చూడు" అని అంగట్లో టీవీకి ముందు పసుపు వైరు పెట్టి, తర్వాత నల్ల వైరు పెట్టి చూపించాడు. ఏదో పాట వస్తోంది. హీరోయిన్ ఉంది, పూలున్నాయి, కొండలున్నాయి. "ఏమన్నా తేడా ఉండాదా?" అన్నాడు.

చూశాను. "ఏముండాదన్నా, రెండూ ఒకటే" అన్నాను.

ఆ తేడా తెరకు అడుగున పోయే సన్నటి అక్షరాల్లో ఉందని నాకు తర్వాత తెలిసింది. చదువు రానివాడి కన్ను అక్షరాల మీద నిలవదు. గోడ మీది మరకను దాటినట్టు దాటిపోతుంది. నేను చూడని చోట నాకు తేడా ఎట్లా కనపడుతుంది? ఆరోజు మొదలు నేనే రంగస్వామి కంటే గట్టిగా జనానికి చెప్పేవాణ్ణి, పసుపు వైరే చాలని.

ఓబులేసు ఇంట్లో మ్యాచ్

పెన్న అవతల ఊళ్లో ఓబులేసు అని వేరుశనగ వేసుకునే రైతు. ఆయన కూతురు వనజ అనంతపురంలో ఒక హాస్టల్లో ఉండి హాకీ నేర్చుకునేది. రాష్ట్రం జట్టులోకి ఎక్కింది. ఎక్కడో ఉత్తరాదిలో ఆడబోతున్నామని, ఆ మ్యాచ్ టీవీలో హెచ్‌డీ ఛానల్లోనే వస్తుందని, మామూలు ఛానల్లో ఆ వేళకు వేరే ఆట వేస్తారని ఇంటికి ఫోను చేసింది.

ఓబులేసు, ఆయన భార్య ఈశ్వరమ్మ ఇద్దరూ అంగడికి వచ్చారు. ఆయన ఇష్టంగా వచ్చినట్టు లేడు. పెండ్లి చేయాల్సిన పిల్ల చేతికి కట్టె ఇచ్చి నిక్కర్లలో ఉరికిస్తున్నావని బంధువులు ఆయన్ను ఎక్కడా తల ఎత్తనీయడం లేదు. ఇంటికి తెచ్చేస్తానని ఆయన, వద్దని ఈశ్వరమ్మ. టీవీ కొనాలన్నది ఆమె పట్టు.

"ఒక్క తూరి అమ్మి ఆడేది అందరూ చూస్తే ఈళ్ల నోర్లు మూతపడతాయన్నా" అంది నాతో.

"చూస్తాములే" అన్నాడు ఓబులేసు. "బాగా ఆడితే ఆడనీ. ల్యాకుంటే మాత్రం పోయి పిల్చుకొచ్చేస్తా. అప్పుడు నువ్వు అడ్డం రాకూడదు." ఆమె తల ఊపింది. అంగట్లో గోడకున్నలాంటి టీవీ, హెచ్‌డీ డబ్బా కొనుక్కుని పోయారు.

ఆ పిల్ల ఆటలో ఉంటుందా, ఇంటికి వస్తుందా అన్నది ఆ తెర మీద తేలాలి. తెర పెట్టేవాణ్ణి నేను.

మ్యాచ్ రోజు పొద్దున పోయి మిద్దె మీద డిష్ బిగించి తిప్పాను, డబ్బా పెట్టాను, పసుపు, ఎరుపు, తెలుపు దూర్చాను. ఈశ్వరమ్మ వెనకే నిలబడింది. "అమ్మి మొగం కనపడల్లన్నా. అది చాలు నాకు."

"మొగం ఏందక్కా, చెంప మింద చెమట చుక్క కూడా కనపడతాది. హెచ్‌డీ అంటే ఏమనుకుంటివి" అన్నాను.

మధ్యాహ్నానికి ఇల్లు నిండింది. ఓబులేసుకు వరసకు తమ్ముడయ్యే సుంకన్న ముందు వరసలో చాప మీద కూర్చున్నాడు. ఆ పిల్లను హాస్టల్లో వేసినప్పటి నుంచీ ఎత్తిపొడుస్తున్నవాడు ఆయనే. ఆట మొదలైంది.

"వీళ్లల్లో మన అమ్మి ఎవురు వదినా?" అన్నాడు సుంకన్న.

"పద్నాలుగో నంబరంట. ఈపున ఉంటాదంట."

"యాడ పద్నాలుగు? అందరి ఈపుల మిందా సున్నం పూసినట్ల ఉండాది." అందరూ నవ్వారు. "ఏమప్పా ఖాసీమూ, ఇదేనా హెచ్చిడీ? మా పాత డబ్బాలో ఇంతకన్నా బాగుండాది."

"కెమెరా దూరంగా ఉండాదప్పా. దగ్గరికి వచ్చినప్పుడు కనపడతాది" అన్నాను.

దగ్గరికి వచ్చినా నంబరు కరిగిన చక్కెర మాదిరిగానే ఉంది. కిందనున్న పేర్లు, స్కోరు అలుక్కుపోయాయి. వ్యాఖ్యానం ఇంగ్లీషులో నడుస్తోంది, ఆ ఇంట్లో ఎవరికీ అందదు. ఈశ్వరమ్మ లేచిపోయి తెర దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. కాసేపటికి పొడుగ్గా, సన్నగా, రెండు జడలేసుకున్న పిల్లను వేలితో చూపించింది. "ఇదో, మా అమ్మి." అందరూ అవునన్నారు. అక్కడి నుంచి అందరి కండ్లూ ఆ పిల్ల మీదే.

ఆట అయిపోవస్తుండగా బంతి గోలు ముందున్న ఆ పిల్ల దగ్గరికే వచ్చింది. కట్టె కింది నుంచి జారిపోయింది. గోలు అయింది, మన జట్టు ఓడిపోయింది.

"బంతి కాళ్ల కాడికి వస్తే ఆపల్యాకపోయె. దీనికేనా ఇన్నేండ్లు హాస్టలు" అన్నాడు సుంకన్న. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఈశ్వరమ్మ నా వైపు తిరిగింది. "అది మా అమ్మేనా అన్నా? నువ్వు సరిగా చూసినావా?"

ఆ నంబరు నాకూ కనపడలేదు. కనపడలేదంటే నా పని చెడిందని పదిమందిలో ఒప్పుకున్నట్టు. "ఆ, మన అమ్మే కదక్కా. నేను చూస్తానే ఉంటి" అన్నాను.

ఓబులేసు తువ్వాలు భుజాన వేసుకుని బయటికి పోయాడు. ఇన్నేండ్ల పనిలో నోటితో నేను చేసిన అన్నిటికంటే చెడ్డ పని ఆ ఒక్క మాట. వైరు తప్పు ఎప్పుడైనా దిద్దవచ్చు. కనపడనిదాన్ని చూశానని చెప్పాక దిద్దడానికి దారి ఉండదు.

అంగట్లో టీవీ ముందు

కొన్ని రోజులకు ఈశ్వరమ్మ ఒక్కతే అంగడికి వచ్చింది. రంగస్వామి గల్లాపెట్టె దగ్గర ఉన్నాడు, నేను కింద కూర్చుని వైరు కొసలు చెక్కుతున్నాను.

"అమ్మి ఫోన్లో ఏడుస్తాంది అన్నా. ఆ గోలు అయినప్పుడు నేను ఆటలోనే ల్యామ్మా, బయట కూచోబెట్టినారు అంటాది. వాళ్ల నాయన నమ్మడంల్యా. మా కండ్లతో మేం చూసినాం, టీవీ అబద్ధం చెప్తాదా అంటాడు. శనివారం పోయి పిల్చుకొస్తానని హాస్టలోళ్లకు చెప్పేసినాడు. రేపు మల్లా అదే మ్యాచ్ ఏస్తారంట. వచ్చి టీవీ ఒకతూరి చూసిపో."

"టీవీకేమైందక్కా, బొమ్మ బాగా వస్తాంది కదా" అన్నాను.

ఆమె అంగట్లో గోడకున్న టీవీ వైపు చూస్తోంది. వార్తలు వస్తున్నాయి. పొదుపు సంఘంలో ఆమె కొంచెం చదవడం నేర్చుకుంది. పెదవులు కదిలించుకుంటూ, తెర అడుగున పోతున్న వరుస పట్టుకుంది. "కణే...కల్. కణేకల్ కాలవకు నీళ్లు ఇడిసినారంట." తర్వాత నెమ్మదిగా అడిగింది. "ఈడ ఇంతింత అచ్చరాలు కూడా నిలబడినాయే. మా ఇంట్లో ఎందుకు అలికినట్ల ఉండాయి? ఇదీ మాదీ ఒకే టీవీ అని కదా ఇచ్చినారు?"

"వైరు వేరేలేమ్మా" అన్నాడు రంగస్వామి, లెక్క రాసుకుంటూ.

"మా డబ్బాలో ఆ వైరు రాల్యా?"

రంగస్వామి నా వైపు చూశాడు. నేను నేల చూశాను. ఆయన వెనకున్న బీరువాలో అట్టడబ్బా నిండా ఆ వైర్లే ఉన్నాయి. "వచ్చిందక్కా" అన్నాను. "నేనే పెట్టేది మర్చిపోయినా."

ఆమె "రేపు పొద్దున్నే రా" అని పోయింది.

మరునాడు నల్ల వైరు పెట్టాను, టీవీలో దారి మార్చాను. మ్యాచ్ మొదలైంది. ప్రతి వీపు మీదా నంబరు చెక్కినట్టుంది. ఆ రెండు జడల పిల్లది వేరే నంబరు, వేరే మొగం. ఆ గోలు పడ్డప్పుడు కెమెరా బయట బెంచీ వైపు తిరిగింది. మెడలో తువ్వాలుతో, చేతులు తలమీద పెట్టుకుని లేచి నిలబడిన పిల్ల ఒకతి. వీపు తిప్పితే పద్నాలుగు.

"మా అమ్మి" అంది ఈశ్వరమ్మ. ఆమె పక్కన నేను తప్ప ఇంకెవరూ లేరు. ఓబులేసుకు కబురు పంపితే, చేనులో పనుందని రాలేదు.

నోరు రాని చోటు

నేనే చేనికి పోయాను. ఓబులేసు గట్టు మీద కూర్చుని పార మొన సరిచేసుకుంటున్నాడు.

"ఓబులేసన్నా, ఆ పొద్దు గోలు ఇడిసింది మన అమ్మి కాదు. వైరులో తప్పుండాది."

"వైరులో తప్పుంటే బొమ్మ రాకూడదు కదప్పా. వచ్చినాది కదా?"

"వచ్చినాది గానీ..."

"మన అమ్మే అని నువ్వే అంటివి. పదిమందిలో అంటివి. ఈ పొద్దు కాదంటాండావు. మా ఆడమనిషి ఏడ్చిందని మాట మారిస్తే యట్లప్పా?"

ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. దానికి సరైన జవాబు చెప్పాలంటే నేను రెండు సంగతులు చెప్పాలి. మేము వైర్లు తీసి అమ్ముకుంటామన్నది ఒకటి. నాకు చదువు రాదు, అక్షరాలు కరిగిపోయినా నాకు తెలియదు, అందుకే ఇన్నేండ్లుగా మంచి బొమ్మ ఏదో చెడ్డ బొమ్మ ఏదో ఎరగకుండానే బాగుందని చెబుతూ వచ్చానన్నది రెండోది. మొదటిది చెబితే ఓనరు పరువు పోతుందని ఆగానని అప్పట్లో నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి నా నోరు మూసింది రెండోదే. "కంపెనీ వైరు సరింగ ల్యాదన్నా" అని గొణిగి తిరిగి వచ్చాను.

శనివారం వాళ్లు పామిడి బస్టాండులో దిగడం చూశాను. ముందు ఓబులేసు, వెనక సంచీతో, హాకీ కట్టెతో ఆ పిల్ల. నేనెవరో ఆమెకు తెలియదు. ఎదురుపడితే పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది.

నాకు అన్నం సయించలేదు. మా ఇంటామె హుసేనమ్మ ఏమైందని అడిగి అడిగి, చెప్పేదాకా వదల్లేదు. ఆమె ఐదు దాకా చదువుకుంది. ఆమెకు కూడా నేను చదువు రాదని ఎప్పుడూ చెప్పలేదు. పేపరు తెస్తే కండ్లజోడు లేదనేవాణ్ణి. అంతా విని ఆమె అంది, "నీకు చదువు రాదని పామిడంతా తెలుసు. ఎవురికీ తెలీదనుకుంటాండేది నువ్వొక్కనివే."

ఆ మాట పడ్డాక ఇంక దాచుకునేదేముంది? అయినా కాళ్లు వెంటనే కదల్లేదు. కదిలేసరికి వేరుశనగ పీకే పని కూడా అయిపోయింది. ఆ ఊరి టీ అంగడి దగ్గర ఓబులేసు, సుంకన్న, ఇంకా కొందరు కూర్చుని ఉండగా పోయి, నిలబడే చెప్పాను. వైరు తీసిన సంగతి చెప్పాను. నంబరు నాకు కనపడలేదని, కనపడకుండానే చూశానన్నానని చెప్పాను. చదువు రాదని చెప్పాను.

సుంకన్న అందుకున్నాడు. "అచ్చరం రానోనివి, హెచ్చిడీ అని ఊళ్లమింద పడితివా?"

ఓబులేసు చెయ్యెత్తి ఆయన్ను ఆపాడు. టీ గ్లాసు కింద పెట్టాడు. "నాకూ రాదప్పా చదువు" అన్నాడు. "అందుకే నువ్వు చెప్పింది నమ్మినా. చదువుకున్న పిల్ల మొత్తుకుంటాంటే నమ్మకపోతి."

అక్కడి నుంచే కోచ్‌కు ఫోను చేశాడు. జట్టులో ఆ స్థలం ఇంకొకరికి ఇచ్చేశామని, పిల్ల వచ్చి ప్రాక్టీసు చేసుకుంటే చేసుకోవచ్చని ఆయన చెప్పాడట. వనజ మళ్లీ పోయింది. మునుపటి జట్టులోకి మాత్రం రాలేదు.

రంగస్వామి నన్ను తిట్టలేదు, కొన్నాళ్లు మాట్లాడలేదు. తర్వాత డబ్బాలు విప్పడం మానేశాడు. మనసు మారి మానేశాడో, ఊళ్లవాళ్లు వైరు ఏదని అడగడం మొదలుపెట్టినందుకు మానేశాడో నాకు తెలియదు. ఆయన కిందే పదవి... పదవి కాదు, ఏదైతే అది, విరమించాను. మీ ఓనరు మంచివాడైనా సరే, అట్ట విప్పి ఏదైనా తీస్తుంటే అది దేనికో అడిగి తెలుసుకోండి. ఆయన చూపించిన చోట కాకుండా వేరే చోట కూడా చూడండి.

హుసేనమ్మ నాకు టీవీ ముందే చదువు చెప్పింది. అడుగున పరిగెత్తే వార్తల్లో నేను మొదటి అక్షరం పట్టుకునేలోపు వార్త తెర దాటిపోయేది. "ఉరుకుతాండేదాని ఎనక పడొద్దు, నిలబడిండేది చదువు" అని ఛానళ్ల పేర్లు చదివించేది. పని మానేదాకా ఒక పద్ధతి పెట్టుకున్నాను. హెచ్‌డీ పెట్టిన ప్రతి ఇంట్లోనూ, తెర మీద అన్నిటికంటే చిన్న అక్షరాలు చూపించి ఇంటివాళ్లను చదవమనేవాణ్ణి. వాళ్లకు రాకపోతే నేను చదివేవాణ్ణి. చదవలేకపోతే వైరు నుంచి మళ్లీ మొదలు. మీరూ అట్లనే చేయండి. ఇద్దరికీ చదువు రాకపోతే పక్కింటివాళ్లను పిలవండి. సిగ్గుపడొద్దు. నేను సిగ్గుపడి ఏం కాపాడుకున్నానో ఇదివరకే రాశాను.

మొన్న ఆ ఊరికి పెండ్లికి పోయి, ఓబులేసు ఇంటి ముందు నుంచి వస్తున్నాను. తలుపు తెరిచి ఉంది. ఈశ్వరమ్మ ఒక్కతే టీవీ ముందు కూర్చుంది. ఆడపిల్లల హాకీ మ్యాచ్ వస్తోంది. తెర మీద జట్టు పేర్ల పట్టీ పడితే, ఒక్కో పేరూ వేలు పెట్టి పైకి చదువుకుంటోంది. నన్ను చూసి లోపలికి రమ్మంది, నీళ్లిచ్చింది.

"బొమ్మ బాగా వస్తాందా అక్కా?" అన్నాను. ఇన్నేండ్లు ఏ ఇంట్లోనైనా నేను అడిగే మాట అదొక్కటే.

"బాగా వస్తాందన్నా" అంది. "అందరి పేర్లూ కనపడతాండాయి. మా అమ్మిదే రాదు."